మాస్తర్ కూర్చోమన్న పిల్ల

అధ్యక్ష పీఠంలో ఉన్న మా పూర్వ ప్రధానోపాధ్యాయులకు, బ్యాడగి పెద్దలకు, తోటి మాస్తర్లకు, వెనక వరసల్లో ఇప్పటికీ గుసగుసలాడుతున్న నా పాత విద్యార్థులకు నమస్కారం.

ముప్పయ్యొక్క ఏళ్ల కిందట ఇదే బడిలో మన అధ్యక్షుల వారు నాకొక మాట ఇచ్చారు. "నీ పద్ధతిలో నువ్వు చెప్పు అంగడి మాస్తరూ, ఏడాది దాకా ఎవరొచ్చి అడిగినా నేను చూసుకుంటా" అన్నారు. ఆ మాట నాలుగు నెలలు నిలిచింది.

నా పద్ధతిలో రహస్యమేమీ లేదు. బోధన మీద మూడు భాషల్లో దొరికినవన్నీ చదివాక నాకు మిగిలింది ఇంతే: ముందు ప్రశ్న అడగాలి, మనసులో ఏడు లెక్కపెట్టాలి, ఆ తర్వాతే పేరు పిలవాలి. గిరిజా టీచర్, నువ్వు పేరు ముందు పిలుస్తావమ్మా, మిగతా ముప్పై తొమ్మిది మందీ హాయిగా కిటికీలోంచి చూస్తారు. (నవ్వులు) తప్పు జవాబు వస్తే చెరిపెయ్యకండి, ఎలా వచ్చిందో అడగండి. క్లాసంతా ఒక్క గొంతుతో అరిచిందంటే ముగ్గురికి తెలుసని, మిగతావాళ్లు నోరు కలిపారని అర్థం. ఈ పద్ధతి పనిచేస్తుంది. సాక్షులు ఈ హాల్లోనే ఉన్నారు.

ఆ నాలుగో నెలలో తనిఖీ అధికారి వచ్చిన రోజు, ఆరు జొన్నరొట్టెలు నలుగురికి సమానంగా పంచితే తలా ఎన్నని అడిగి, ఏడు లెక్కపెట్టి నీలవ్వ అనే అమ్మాయిని లేపాను. ఆ పిల్ల గాల్లో రొట్టె తుంచుతూ ఆలోచిస్తోంది. అధికారి గడియారం చూసుకున్నారు. వెనకనుంచి ప్రధానోపాధ్యాయులు, "ఏం మాస్తర్, క్లాసు నిద్రపోతోందా?" అన్నారు. నేను నీలవ్వని కూర్చోమన్నాను. అది నా తప్పే, దాచను.

కానీ బడి పరువు కాపాడుకోవడానికి, బడి రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఎదురుగా 'మందబుద్ధి' అని రాసి సంతకం పెట్టింది నేను కాదు. ఆ మాట విన్న తండ్రి, వారం తిరక్కుండా ఆమెను మిరపకాయల తొడిమలు తీసే పనిలో పెట్టాడు. నేను మండీకి వెళ్తే, చేతులు ఆపకుండానే చెప్పింది: "ఒకటిన్నర, మాస్తరూ. నాలుక మీదే ఉండింది. మీరు కూర్చోమంటే కూర్చున్నా."



ఆమె మళ్లీ బడికి రాలేదు.

శాలువా కప్పినవారికి, ఎండలో వచ్చి కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. వీడ్కోలు రోజున మంచే మాట్లాడమని పొద్దున నాకు కబురు పంపారు. మంచి మాట్లాడాను. ఇక నాకు సెలవిప్పించండి, ఒక్క పేరు చెప్పి దిగిపోతాను: ఆ సంతకం ఈ అధ్యక్ష పీఠంలో ఉన్న శ్రీ మహారుద్రప్ప బణకార గారిది.