డ్రిల్లు కన్నా ముందు దివిటీ

1991 జూలై ఎనిమిదవ తేదీన మా దంతవైద్య కళాశాలలో సహాయ ఆచార్యులుగా అడుగుపెట్టిన డాక్టరమ్మగారు, మూడు దశాబ్దాలకు పైబడిన అవిశ్రాంత సేవానంతరం, విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్నారు.

ఆ తొలినాళ్లలో పుచ్చును కనిపెట్టడానికి మొనదేలిన కొక్కెం, ఎక్స్‌రే తప్ప వేరే దిక్కు లేదు. పంటిని గీరకుండా, రేడియేషన్ సోకనీయకుండా, కేవలం కాంతితోనే దంతాంతర్భాగాన్ని దర్శించాలన్న సంకల్పంతో ఆమె పరారుణ కెమెరా నిర్మాణానికి పూనుకున్నారు. ఆరోగ్యకరమైన ఎనామెల్ గుండా ఆ కాంతి సాఫీగా సాగిపోతుంది. పుచ్చిన చోట నీడ పడుతుంది. టేపు చుట్టిన తొలి పరికరాన్ని చూసి సహోద్యోగులు ‘దివిటీ డాక్టరమ్మ’ అని ఆటపట్టించారు. ఆమె నవ్వి ఊరుకున్నారే గాని, పట్టిన పట్టు విడవలేదు.

అంతలో ట్రంపెట్ వాయించే ఒక కళాకారుడు వచ్చాడు. ఎక్స్‌రేలో అతడి ముందు పళ్ల సందుల్లో నీడలు కనిపించాయి. తొలిచి నింపాల్సిందేనని అప్పటి విభాగాధిపతి తేల్చేశారు. ఆ కళాకారుడు ఆమెను బతిమాలాడు.

“పళ్ల అంచు తేడా వస్తే నా ఊపిరి పట్టు పోతుంది డాక్టరమ్మా. ఇదే నా కూడు.”

ఆమె కెమెరా పెట్టి చూసి, విభాగాధిపతి వైపు తిరిగారు. “నీడ ఉంది సార్, గుంట పడలేదు. పైపొర గట్టిగా ఉంది. ఫ్లోరైడ్ పూత వేసి చూద్దాం. ఒకసారి చెక్కేస్తే మళ్లీ మొలవదు కదా!”

“ఆర్నెల్లు ఆగుతాను. ముదిరిందో, జవాబు నువ్వే చెప్పుకోవాలమ్మా!” అన్నారు ఆ పెద్దాయన.

అతడు పరీక్షకు వచ్చిన ప్రతిసారీ ఆమె కెమెరా తెర వంక ఆత్రంగా చూసేవారు. ఆర్నెల్లు గడిచాయి. నీడ పెరగలేదు సరికదా, పలచబడింది! ఆనందం పట్టలేక అతడు వరండాలోనే ట్రంపెట్ అందుకున్నాడు. నోట్లో దూది పెట్టుకున్న రోగులు సైతం బయటికి తొంగిచూశారు.

పెద్దాయన చిత్రాలను రెండుసార్లు పరికించి, అందరి ఎదుటా నమస్కరించారు. “ఓడిపోయానమ్మా, హాయిగా ఉంది! ఇక మన దగ్గర ముందు దివిటీ, తర్వాతే డ్రిల్లు.”

నాటి నుండి అదే మా విభాగపు నియమం. నేడు ప్రతి కుర్చీ పక్కనా ఆ కెమెరా ఉంది. ఎక్స్‌రే అంటే జంకే గర్భిణులు నిశ్చింతగా నోరు తెరుస్తున్నారు. ఆమె శిష్యులు పలు వైద్యశాలల్లో ఆచార్యులై వెలుగొందుతున్నారు.

“మా ఇంట్లో నవ్వాలంటే భయం, పళ్లు లెక్కపెట్టేస్తుంది” అని వారి శ్రీవారు వాపోతుంటారు. ఇకపై ఆయనకు ఆ భయం రెట్టింపు కాగలదు! రోగుల వరుస తరగక ఏనాడూ వేళకు భోంచేయని మా డాక్టరమ్మగారు, వేడివేడి అన్నం తీరుబడిగా తింటూ, మనవలతో కబుర్లాడుతూ, చెక్కుచెదరని ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.