ఒక్క డబ్బాలో నాలుగు మందలు

పాలమూరు బస్టాండు ఎదుట సత్తమ్మ చాయ్ బండి. ముందున్న బల్ల మీద కూర్చుని గొర్రెల కాపరి కొడుకు పర్వతాలు అప్పుడే గొప్పలు మొదలుపెట్టాడు. వింటున్నది పల్లి రైతు రఘుపతి, ఆటో నడిపే పరశురాములు. బల్ల చివర ఎవరో ఒకామె తల దించుకుని చాయ్ తాగుతోంది.

"ఇంక నౌకరి కోసం హైదరాబాద్ బస్సెక్కే బాధ తప్పినట్టే కాకా. గా కొత్త దవాఖానల కంప్యూటర్లు సదిరింది నేనే. ఇయ్యాల పొద్దుగూకెదాక అవి సక్కగ నడిస్తే నౌకరి ఇస్తనన్నడు పెద్దసారు. నడుస్తయా అని మాత్రం అడగకు.

సంగతేందంటే, దవాఖాన వైర్లన్నీ ఒక్క డబ్బాలకే వచ్చి కలుస్తయి, దాన్ని స్విచ్ అంటరు. చిట్టీలు రాసే కాడి కంప్యూటరు 'ప్రింటర్ యాడున్నది' అని కేకేసిందనుకో, ఎక్స్‌రే గది, మందుల దుకాణం, డాక్టరు గది, అన్నీ పని ఇడిసి గా కేకే వింటయి. దొడ్డిల ఒక్క గొర్రె అరిస్తే మందంత లేసినట్టు. గందుకే నాలుగు డబ్బాలు కొనాలె అన్నరు దవాఖానోళ్లు. ఎందుకు సార్ అన్న. మా బాపు నాలుగిండ్ల గొర్లు ఒక్కతాన మేపుతడు, నాలుగు గుట్టలు కొన్నడా? ఒకింటి దానికి ఎర్ర జాజు బొట్టు, ఇంకొకింటి దానికి నీలి బొట్టు. నేనూ గంతే చేసిన. డబ్బాకున్న ఒక్కో రంధ్రానికి ఒక్కో మంద నంబరిచ్చిన. వీలాన్ అంటరు దాన్ని. డబ్బా ఒక్కటే, నడుమ గోడలు కండ్లకు కనవడయి. ఒక మంద కేక ఇంకో మందకు ఇనవడది."

"మరి మేడ మీదికి?" అడిగాడు పరశురాములు.

"మీద ఇంకో చిన్న డబ్బా ఉన్నది, దానికి కింది నుంచి ఒక్కటే వైరు. నాలుగు మందలూ దాంట్లనే పోతయి, ప్రతి దాని మీద నంబరు ముద్దర. ఎక్కినంక మీది డబ్బా ముద్దర చూసి ఎవరి మందను వాళ్ల దొడ్డికి తోలుతది. ఆ తర్వాత ఏమైందో తెల్సా? స్పీడు పెరిగింది. ఎంత స్పీడంటే, నిన్న ఒకాయన గేటుల అడుగు పెట్టకముందే ఆయన కాలిరిగిన ఫొటో డాక్టరు తెర మీదికొచ్చింది. కాలేమో ఇంకా ఇరగనే లేదు. ఫొటో చూపెడితే పాపం జాగర్తగ నడుసుకుంట ఇంటికి పోయిండు."

సత్తమ్మ చాయ్ వడపోయడం మరిచిపోయింది.

"గంతటితోని ఆగితే నేను పర్వతాలెట్లయిత? మొన్న మబ్బులు పట్టినయ్ గద, వాటికీ నంబర్లిచ్చిన. చేన్ల మీదికి ఒక మంద, కళ్లాల మీద కురవకుండ ఒక మంద. పల్లి చేను తడిసింది, పక్కనే ఎండబోసిన మిరపకాయ మీద సుక్క పడలే."

"మా చేన్ల గూడ పడలే గద" అన్నాడు రఘుపతి.

"నీ చేనుకు నంబరియ్యలే కాకా. అడగందే అమ్మైనా పెట్టదు."

బల్ల చివరి ఆమె గ్లాసు కింద పెట్టింది.

"అన్నా, నా పేరు శైలజ. గా దవాఖానల ఎక్స్‌రే తీసేది నేనే. పొద్దుగాల నుంచి నా ఫొటో ఒక్కటి డాక్టరుకు చేరలే. నా గదిని ఒక మందల పెట్టినవ్, డాక్టరు గదిని ఇంకో మందల పెట్టినవ్. నడుమ తడిక తలుపు పెట్టుడు మర్సినవ్. పాపం డాక్టరే మెట్లు దిగొచ్చి నా తెర మీద చూసి పోతున్నడు. నీకు ఫోన్ చేస్తే ఎత్తుతలేవ్."

పర్వతాలు ఫోన్ తీసి చూశాడు. తెర నిండా ఎత్తని ఫోన్లే. "నౌకరి పోయినట్టేనా చెల్లే?" అన్నాడు మెల్లగా.

"చిట్టీల కాడ కంప్యూటరు ఇయ్యాల ఒక్కసారి గూడ ఆగలే. పెద్దసారు కండ్లార చూసిండు. పొద్దుగూకెలోపు ఫొటో పైకి పోతే నౌకరి నీదే. నా బండెక్కు. ఎంతసేపు పడ్తది?"

ఇందాకటి పర్వతాలైతే 'చిటికెల అయితది' అనేవాడు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"ఎక్స్‌రే నుంచి డాక్టరుకు ఒక్క తొవ్వ ఇడువాలె. మిగిలిన మందలు అందుల పడకుండ చూడాలె. ఒక గంట పడ్తది చెల్లే."

ఇంతసేపూ ముసిముసిగా నవ్విన రఘుపతి ఈసారి నవ్వలేదు.

"పో బిడ్డా" అన్నాడు. "గీ మాట నమ్ముతున్న."