ఇసబెల్లమ్మ ఇచ్చిన రెండు గుర్రాలు

ఆ అట్టపెట్టె మీద కూర్చోకమ్మాయ్, అందులో దొరగారున్నారు. నవ్వుతావేంటి? ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు దొర, బారన్ హ్యూ అంటారు, తాతముత్తాతలతో సహా ఆ పెట్టెలో ముడుచుకుని పడుకున్నాడు. కువైట్‌లో ఈ సల్వా పేటలో ఇన్ని విల్లాలున్నాయి గదా, ఇంకే వంటింట్లోనైనా బియ్యం బస్తా పక్కన బారన్ ఉన్నాడేమో కనుక్కో. లే, ఆ పీట లాక్కుని ఇలా వచ్చి బియ్యం కూరి ద్రాక్షాకులు చుట్టు. మన ఇంటి యజమానురాలు, మామా, నిద్ర లేచేలోపు ఒక గిన్నె అవ్వాలి. ముందు ఆ కాగితం తడి తగలకుండా ఫ్రిజ్జు మీద పెట్టు దుర్గా. పెన్ను కూడా. సంతకం మామా లేచాక కదా అడుగుతుంది. మళ్ళీ రెండేళ్ళు ఇక్కడే ఉండడానికి ఇఖామా కొట్టించే కాగితం, అదెక్కడికీ పారిపోదులే. పారిపోయే హక్కు దానికీ లేదు, మనకీ లేదు.

ఎవరా దొర అంటావా? చెప్తాను. ఈ కువైట్ యుద్ధం అయిన రెండో ఏడు నేనీ ఇంటికొచ్చాను. ఆ తరవాతేడు పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి మిస్ డోరతీ అనే ఆవిణ్ణి తెచ్చారు. ఎండిన ములక్కాడలా ఉండేది మనిషి. వెనకింట్లో గదిచ్చారు గానీ అక్కడ ఏసీ సరిగా పనిచేసేది కాదు, అందుకని తన కాగితాలన్నీ పట్టుకుని ఈ వంటింట్లోనే మకాం. "సూరీ, నా వంశం రాసుకుంటున్నాను. మాది బారన్ల వంశం" అనేది ముక్కు పైకెత్తి. బారన్ల వంశం వచ్చి కువైట్‌లో చిన్నపిల్లల చేత ఏబీసీడీలు దిద్దిస్తోందేంటి తల్లీ అని అడగబోయి ఊరుకున్నాను. నాదేమో ఐదో తరగతి. కానీ అక్షరం కనబడితే ఊరుకోలేను కదా, బెల్లం పొట్లం కట్టిన కాగితం కూడా చదివి గానీ పారెయ్యను. ఆవిడ కాగితాల మీదే ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. అందుకే నా ఇంగ్లీషులో కోటలూ, కందకాలూ, సమాధులూ దండిగా ఉంటాయి, ఉల్లిపాయలు కొనాలంటే మాత్రం వేలు పెట్టి చూపించాలి. ఎహె, అంత లావుగా చుట్టకు, అది ఆకా, దుప్పటా?

ఆఁ, వంశం. మొదటాయన రోజరు. ఆయన కొడుకు హ్యూ. ఆయన కొడుకు రోజరు. ఆయన కొడుకు మన హ్యూ. మన వైపు తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే. ఆ చెట్టుబొమ్మలో మగాళ్ళ పేర్లన్నీ పెద్ద పెద్ద అక్షరాలు, ప్రతి పేరు పక్కనా రెండు చిన్న గీతలు. ఇవేంటమ్మా అంటే "పెళ్ళి అని గుర్తు సూరీ" అంది. ఆ గీతల చివర నలకంత అక్షరాల్లో ఒక ఆడమనిషి పేరు. కొందరికి అదీ లేదు, ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నారు. పదేసిమందిని కని పెంచినావిడ ప్రశ్నార్థకం అయిపోయిందమ్మా! పోనీ కోట చూపించు అన్నాను. చూపించింది. మట్టిదిబ్బ, దాని మీద కర్రల దడి. మా అంబాజీపేటలో కొబ్బరితోటకి ఇంతకంటే గట్టి దడి కడతారు అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ హ్యూ దొర గొప్ప వీరుడని ఆవిడ నమ్మకం. వాళ్ళ ఊరి చర్చిలో ఆయన రాతిబొమ్మ ఉందట, కత్తి పట్టుకుని, కాళ్ళ దగ్గర కుక్కతో పడుకుని. తీరా చూస్తే ఆయన పోయింది కత్తిపోటుతో కాదు. ఏదో కోటని ముట్టడించి మూడు నెలలు బురదలో కూర్చుని, పాడునీళ్ళు తాగి, విరేచనాలు పట్టుకుని పోయాడు. ఆ ముక్క రాతిబొమ్మ మీద చెక్కరుగా! పోనీ ఆ భూములైనా ఆయనవా అంటే అవీ కాదు, రాజుగారివి. రాజు పిలిస్తే కత్తి పట్టుకుని వెళ్ళాలి, రాజు సరేనంటేనే కొడుక్కి భూమి. ఓస్, బారన్ అంటే ఇంతేనా, రాజు మన వీసా గుప్పిట్లో పెట్టుకునే కఫీల్ లాంటివాడు, ఈయన పనివాడు అన్నాను. డోరతీ మొహం కోపంతో ఎర్రబడింది. ఆ మర్నాడే ఆవిడ ఊరెళ్ళాలని సెలవడిగితే ఇంటాయన, బాబా, పాస్‌పోర్టు ఇవ్వలేదు, పరీక్షలయ్యాక చూద్దామన్నాడు. వచ్చి ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చుంది. "సూరీ, నువ్వన్నది నిజమే" అంది. టీ పెట్టిచ్చాను. బారన్ల వంశం కదా, రెండు చెంచాలు పంచదార ఎక్కువేశాను.

అసలు సంగతికి వస్తున్నాను, కంగారుపడకు. మామా లేస్తే పిలుస్తుందిలే. దొర పోయేటప్పటికి కొడుక్కి ఎనిమిదేళ్ళు. నీ పిల్లకెంత, ఏడా? ఆఁ, దగ్గరదగ్గర అంతే. అక్కడ ఆచారం ఏంటంటే, దొర పోతే చిన్నపిల్లాడు తల్లికి దక్కడు. రాజు తనకి కావలసినవాడి చేతిలో పెడతాడు పిల్లాణ్ణీ, పొలాన్నీ. వాడు పెంచుతాడు, పంట తింటాడు. పైగా ఆ ముండమోసినావిడ ఎవర్ని చేసుకోవాలో కూడా రాజే చెప్తాడు. ఈవిడ పేరు ఇసబెల్ల. నేను ఇసబెల్లమ్మ అంటాను, పెద్దమనిషి కదా. రాజుగారు తన దగ్గర తిరిగే ఒక బానపొట్టవాణ్ణి చూపించి, "వీణ్ణి చేసుకో, పిల్లాణ్ణి వీడే పెంచుతాడు" అన్నాడు. నాకయితే ఇప్పుడా మాట తలుచుకుంటే మీ ఆడపడుచు గొంతే వినబడుతోంది. "పిల్ల నా దగ్గర బాగానే ఉంది వదినా, నువ్వు నిదానంగా రా" అంటుందే, అదే నిదానం. నీ పిల్ల దాన్ని అమ్మ అంటోందన్నావు కదా. నిన్నేమో కువైట్ అమ్మ. ఏడవకు, ఆకుల్లో ఉప్పు సరిపోయింది.

ఇసబెల్లమ్మ ఏం చేసిందో చెప్పనా? ఏడవలేదు. ఏడ్చిందేమో, కాగితంలో లేదు. పదకొండు రోజులు ప్రయాణం చేసి రాజు దగ్గరికి పోయింది. వంద మార్కుల వెండి, మార్కంటే అప్పటి తూకంలే, ఇంట్లో ఉన్న రెండే రెండు గుర్రాలు ఇచ్చింది. ఎందుకు? పెళ్ళి చేసుకోకుండా ఉండడానికి, పిల్లాణ్ణి తన దగ్గరే ఉంచుకోవడానికి. రాజు పుచ్చుకున్నాడు, గుమస్తా రాసుకున్నాడు, ఖలాస్! మరి గుర్రాలిచ్చేస్తే తిరిగి ఎలా వచ్చింది, నడిచొచ్చిందా అని డోరతీని అడిగాను. "అది రికార్డులో లేదు సూరీ" అంది. ఎందుకుంటుంది? ఇచ్చిన గుర్రాలుంటాయి గానీ నడిచిన కాళ్ళుంటాయా రికార్డుల్లో! డోరతీ నాలుగేళ్ళు ఇంగ్లండుకి ఉత్తరాలు రాసి రాసి, దొరగారి వీరత్వం కోసం వెతికితే, ఆఖరికి దొరికిన కాగితం ఆ ఒక్కటే. దాన్ని పుస్తకంలో వెయ్యనంది, వంశానికి నామోషీ అట. నేను గరిటె విసిరాను. ఆవిడ మీద కాదులే, గోడ మీద.

ఇంతా చేసి ఆ కొడుకు ఉద్ధరించాడా అంటే, ఏం లేదమ్మా. రోజరే వాడి పేరూ. రాజు మీద తిరగబడినవాళ్ళతో చేరి, తాగి, ఉన్నది సగం పోగొట్టుకున్నాడు. ముగ్గురాడపిల్లలు, ఉన్నదేదో మూడు ముక్కలు చేసి పంచుకున్నారు. వంశం పేరు అక్కడితో సరి. "అంత కష్టపడి ఏం లాభం సూరీ" అంది డోరతీ. లాభమా? చెడితే చెడ్డాడు, తల్లి దగ్గర పెరిగి చెడ్డాడు అన్నాను. ఆవిడ వెళ్ళిపోయేటప్పుడు ఈ పెట్టె నాకిచ్చి పోయింది. ఇంగ్లండు పోయాక ఒక కార్డు రాసింది, అంతే. పోయిందట తరవాత. పిల్లాజెల్లా లేరు. బారన్ వారసురాల్ని ఇప్పుడు నేనే, అంబాజీపేట సూరాయమ్మని.

నా సంగతెందుకు? సరే, విను. మూడేళ్ళు నిండగానే మామా నాకూ ఇలాంటి కాగితమే ఇచ్చింది. "రెండేళ్ళే సూరీ, నువ్వు లేకపోతే నా పిల్లలు తినరు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మామా మంచిదే, నేను కాదనను. అప్పటికి అంబాజీపేట సెంటర్లో కొట్టు మాట్లాడుకున్నాను, పొట్టిక్కల హోటలు పెడదామని. ఇడ్లీపిండి పోసి ఉడికించే ఆ పనసాకు బుట్టలు కుట్టడంలో నా చెయ్యి చూసి మా వీధంతా చెప్పుకునేవారు. రెండేళ్ళే కదా అని సంతకం పెట్టాను. పద్నాలుగేళ్ళయింది. ఆ కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారట. పనసాకులు కుట్టే చేతులు ద్రాక్షాకులు చుడుతున్నాయి. ఆకులే కదా అనుకో, ఎవరి ఆకులైతేనేం!

ఇందాక మామా నన్ను పిలిచి ఏమందో తెలుసా? "సూరీ, నువ్వు చెప్తే దుర్గ వింటుంది, నచ్చజెప్పు" అంది. చెప్తున్నాను కదా మరి! ఉప్పు తింటున్నదాన్ని, మాట తీసెయ్యగలనా? పెట్టమనీ అనను, వద్దనీ అనను. నీ ఊరెళ్ళే టిక్కెట్టు మాట నువ్వే ఎత్తాలి. మామా అరుస్తుంది. నాలుగు రోజులు మొహం మాడ్చుకుంటుంది. నీ దగ్గర గుర్రాలు లేవు కాబట్టి ఆ బెంగా లేదు. నేను ఊరికే దొరగారి ముచ్చట...

అదిగో, లేచింది. "దుర్గా! యల్లా, కాగితం తీసుకురా!" వెళ్ళు. చెయ్యి తుడుచుకో ముందు, కాగితం పాడవుతుంది. కొంగు సరిగ్గా వేసుకో. ఆఁ, వెళ్ళు.

ఇదిగో, దుర్గా! కాగితం పట్టుకుపోయావు, పెన్ను ఫ్రిజ్జు మీదే ఉండిపోయింది! దుర్గా... వినబడలేదా ఏంటి? వెనక్కి తిరిగి చూసిందే, చూసి కూడా పెన్ను కోసం రాకుండా...

ఓహో.

ఈ ఆకులకి ఇంకొంచెం నిమ్మరసం పడాలి.