అమ్మా, తిన్నాను

కొచ్చిలో పడవ టికెట్ల యాప్ నడిపే ఆ ఆఫీసులో రిన్సీ ఇంటర్న్‌షిప్‌కు అదే చివరి రోజు. కాలేజీకి ఇవ్వాల్సిన ఆమె రిపోర్టు చదువుతూ, పని నేర్పిన లీలామ్మ చేచి, అంటే లీలామ్మక్క, మధ్యలో ఆగింది.

“ఆ మెసేజి సంగతి ఇందులో లేదేం?”

“రాస్తే ఫెయిల్ చేస్తారు చేచీ! యాప్ నుంచి మెసేజి వెళ్తోందో లేదో చూద్దామని ‘అమ్మా, తిన్నాను’ అని కొడితే తొమ్మిదివేల మంది ప్రయాణికులకు పోయింది.”

“మూడొందల మంది ‘ఏం తిన్నావు తల్లీ?’ అని అడిగారుగా!”

“నవ్వకండి. ఆ వేళ నా పై ప్రాణాలు పైనే పోయాయి.”

“తర్వాతేం చేశావు?”

“మళ్ళీ అలా జరక్కుండా కోడ్ సరిచేశాను. పాపం అడిగారు కదా అని అందరికీ జవాబిచ్చాను, బియ్యప్పిండి పుట్టూ శనగల కూరా అని. వైపీన్ దీవి నుంచి ఒక ముసలాయన, యాప్‌లో అక్షరాలు ఆనడం లేదమ్మా అన్నాడు. పెద్దవి చేశాను.”

“అదీ రాయలేదు.”

“అది పనెలా అవుతుంది? ఎవరూ చెయ్యమనలేదుగా!”

చేచి రిపోర్టును ఆమె ముందుకు తోసింది.

“పదకొండేళ్ళుగా ఈ పడవలెక్కేవాళ్ళ కోసమే కోడ్ రాస్తున్నా మోళే, తల్లీ. వాళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడిన పాపాన పోలేదు. కూర్చుని అది రాయి. ఇంతకీ, ఆ ముసలాయన పేరేమిటి?”