ఎర్ర కారు

వ్యాన్ డ్రైవరు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి గేటు పక్క జాగా అంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. భార్య చీపురు పట్టుకునే ఎదురొచ్చింది.

"ఎక్కడ పెట్టారు?"

"ఏంటి?"

"ఇంకా దాస్తారేంటండీ? 'అభినందనలు, ఎర్ర కారు ఇక మీదే' అని నా ఫోనుకి మెసేజొచ్చింది."

అతను జేబులో ఫోను తడుముకున్నాడు. ఆటలో చేరిన రోజు ఆమె నంబరు ఇచ్చింది తనే.

"ఎవరికైనా చెప్పావా?"

"అమ్మకి ఒక్కదానికే. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేక ఎన్నాళ్ళయింది ఇల్లు కదిలి. పైన తయారవుతోంది."

"అది ఫోన్లో ఉందే."

"ఫొటోనా? చూపించండి మరి."

"ఫొటో కాదు, కారే. రేసుల ఆటలోది. పాత కారుతో రోజూ ఓడిపోతున్నా. డబ్బు కడితే మంచిదిస్తారు."

ఆమె చీపురు గోడకి చేరేసింది. అతను తలెత్తకుండానే ఫోను అందించాడు. తెర మీద ఎర్ర కారు ధగధగలాడుతూ తన చుట్టూ తనే తిరుగుతోంది.

"రోజంతా బండి తోలి, ఇంటికొచ్చి మళ్ళీ ఇదా?"

"అది ఓనరుది. ఇదైతే నాదని..."

పైనుంచి అత్తగారి కేక వినిపించింది.

"వస్తున్నానే. ముందు సీటు నాకే, అల్లుడుగారితో చెప్పు."

భార్య మెట్ల వైపు చూసింది. మళ్ళీ ఫోను వైపు చూసింది.

"ఎంతమంది పడతారు ఇందులో?"

"ఒక్కడే."