తడి సెయ్యి మీద ఎలుగు

ఎలుగెక్కువైతే బొమ్మ బాగా పడతాదని ఏ మహానుబావుడు సెప్పినాడో గాని, ఆడొకసారి ఈ కొట్లోకొచ్చి కూకోవాల, సెల్లీ. నువ్వు కూకో. ఆ బల్ల మీదే కూకో, పరవానేదు. కాళ్ళ ఇసక దులుపుకోనక్కర్నేదు, ఈ కొట్టు ఏమంత సుబ్బరంగా ఉన్నాదని.

నానే కూర్మయ్యని. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసీవోణ్ణి. ఇజీనారంలో ఎవుల్నడిగినా సెప్తారు. మీ రేవు కాణ్ణించి ఒక్కర్తివే బస్సెక్కి వొచ్చీసినావా? మీ పెద్దలకి సెప్పకండానే? సరే, నాకెందుకులే.

పేరేటన్నావు? గురమ్మ.

ఊఁ. మంచినీళ్ళు తాగుతావా? వొద్దా. సరే.

ఏటి సెప్తన్నాను? ఆఁ, ఎలుగు. నీ పెనిమిటి ఎల్లాజీ పడవ వాయుగుండంలో పోయినాదన్నావు కదా. ఆ తరవాత ఆ దిగువ రేవులో ఒక మనిషి ఒడ్డుకి కొట్టుకొచ్చినాడు. మొకం ఆనవాలు పట్టీటట్టు నేదు. సెయ్యి మీద పచ్చబొట్టు మాత్రం మిగిలున్నాది. పోలీసులు నాకు కబురెట్టినారు, ఆ పచ్చబొట్టు దగ్గిరగా ఫొటో తీసియ్యి, ఊరూరా సూపించి ఎవుడో తెలుసుకుంటాం, అనీసి. ఆ ఉక్కకి మనిషిని ఉంచడానికి నేదు కదా. నా పని అయిపోగానే పూడ్సీసినారు.

నాకేటి తెలుసు సెల్లీ, పెళ్ళికూతురి జడ కంటే దగ్గిరగా నాను ఏటీ తీసెరగను. జానెడు దూరంలో తియ్యాలంటే కెమేరా కంటికి ఇంకో అద్దం బిగించాల. అది బిగిస్తే ఎంత ఎలుగూ సాలదనుకున్నాను. ఆళ్ళు సూస్తే మనిషిని వలలు దాసుకునే తాటాకు పాకలో పడుకోబెట్టినారు. లోపల కన్ను పొడుసుకున్నా కానరాదు. ఫ్లాషు కొట్టక తప్పదు.

నాకాడ రెండున్నాయి. ఈ గిన్నె ఉన్నాది సూడు, ఇది పాతది. దీన్లో బల్బు బుడ్డి ఎయ్యాల, ఒక్కసారి ఎలిగి మాడిపోతాది, మళ్ళీ కొత్తది ఎయ్యాల. రెండోది ఎలట్రానిక్ ఫ్లాషు. ఇశాపట్నం నుంచి తెప్పించినాను. బుడ్డీ అక్కర్నేదు గిడ్డీ అక్కర్నేదు, ఎన్నిసార్లు కొట్టమంటే అన్నిసార్లు కొడతాది. కొత్తొక ఇంత, పాతొక రోత కదా. కొత్తదాన్నే కెమేరా నెత్తిన బిగించి ఎదురుగా కొట్టినాను.

గోటితో పోయేదానికి గొడ్డలెత్తినట్టయినాది.

అంత దగ్గిర్లో అంత ఎలుగు సెయ్యకూడదంట. అది నా తప్పు. దానికి తోడు పోతురాజని ముసలాయనొకడు, శవం కాడ కాపలా కూకున్నోడు, నాను వొచ్చీసరికే ఆ సెయ్యి కడిగి, సుబ్బరంగా నువ్వుల నూనె పామీసినాడు. పచ్చబొట్టు మీద నూనె రాస్తే నల్లగా తేల్తాదని మీకందరికీ తెలిసిందే కదా. కంటికి తేల్తాది, కాదన్ను. ఫ్లాషుకి మాత్రం నూనెంతా అద్దమైపోయినాది. మంచికి పోతే సెడ్డెదురైనట్టు. ముసలాయన్నేటి అంటాం, మనిషికి పేరు దక్కాలనే రాసినాడు.

ఇదిగో, సూడు. అంతే. తెల్లగా. సెయ్యా, సొరకాయా అన్నట్టున్నాది.

అదేటి, అంత ఊపిరొదిలినావు.

అవును సెల్లీ, నువ్వన్నది నిజమే. దీన్లో ఎవుడూ నేడు. ఎవుడో తేలకపోతే మీ పెద్దలు నీ గాజులు తీయించరు. ఒరిస్సా ఒడ్డున తేలి, నెల తిరిగినాక నడిసొచ్చినోడు ఒకడున్నాడా మీ ఊర్లో? ఆడి పెళ్ళాం అప్పుడు గాజుల్తోనే ఎదురెల్లినాదా? ఉండొచ్చు. నాను కాదన్ను.

ఇంకోటి నేదా అని అడగవేటి?

అడగవులే. నీ బదులు నానున్నా అడగను. మొదటిది కొట్టినాక పాక గుమ్మంలోంచి వొచ్చిన కాస్త ఎలుగుకే ఆ సెయ్యి మెరుస్తంటే, నాకు అనుమానం వొచ్చినాది. నా తువ్వాలుతో నూనెంతా తుడిసినాను. కొత్తదాన్ని సంచిలో పడీసి ఈ పాత గిన్నె తీసినాను. దీనికి పొడుగు తీగుంటాది, కెమేరాకి ఎడంగా పట్టుకోవొచ్చు. గిన్నెకి సేతిరుమాలు రెండు మడతలేసి కట్టి, పోతురాజు సేతికిచ్చి, తాతా, ఎదురుగా కాదు, పక్కనుంచి వారగా పట్టు, అన్నాను. ఆయన అలగే పట్టినాడు. నాను మీట నొక్కినాను.

పొద్దున్నుంచి ఆ రెండోదాని గురించే ఆలోసిస్తన్నాను. సింపీసి, పాడయిపోయినాది బాబూ అంటే సరిపోను. కూర్మయ్యకి పని రాదనుకుంటారు, అనుకోనీ. గాని ఆ పాక కాడ పోలీసోళ్ళు రెండుసార్లు ఎలుగు సూసినారు. ఇంకాసేపట్లో జవాను వొస్తాడు, రెండూ పట్టుకెల్తాడు. మీ రేవులో, అంతమంది మొగాళ్ళ మద్దిన ఇది నీ మొకం ముందు పెడతాడు. అంతకంటే ఈ బల్ల మీద నయం కదా. నయమో కాదో, నాకు తెలీదు.

తలుపు దగ్గిరకెయ్యనా?

ఇదిగో.

ముందర సేప. దాని కింద అచ్చరాలు. నీకు సదువు రాదని తెలుసు, గాని సేప తెలుసు కదా. కింద ఉన్నది నీ పేరు, సెల్లీ. గు, ర, మ్మ. నువ్వు పేరు సెప్పినప్పుడే, నిన్ను తాగమన్న ఆ మంచినీళ్ళు నాకు కావలసొచ్చినాయి.

ఏడవ్వా? సరే. ఏడవకపోయినా పరవానేదు.

ఏటి? ఆ సివరి మ్మ ఒంకరా? సూసినాను, కిందకి జారినట్టున్నాది. నవ్వినాడా? సూది గుచ్చుతంటే సక్కిలిగిలని నవ్వినాడా? జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా? పొడిసే మనిషి కసిరినాదా? ఊఁ. అలగే ఉన్నాది మరి. నవ్వినోడి సెయ్యిలాగే ఉన్నాది.

గాజులు ఇక్కడ తియ్యకు. తియ్యకు సెల్లీ, నీకు దండం పెడతాను. మీవోళ్ళు తీసినప్పుడు తీస్తారు. బస్సులో ఎలగెల్తావు?

ఈ కాగితం కావాలా? ఆడి బొమ్మ ఇంకోటి నేదా నీకాడ? పెళ్ళప్పటిది గాని, తిరణాల్లో తీయించుకున్నది గాని? ఏటీ నేదా? సెయ్యొకటేనా?

పట్టుకెల్లు. జవానుకి ఇంకోటి కడిగిస్తాను. కొంగులో మడత పెట్టకు, మడత పడితే అచ్చరాల మీద సార పడతాది. ఈ అట్టలో ఎట్టుకో.

ఒకటి సెప్తాను, తిట్టాలనిపిస్తే తిట్టు. దీన్ని కడుగుతంటే, నీళ్ళ కింద ముందు సేప తోక తేలినాది, తరవాత ఒక్కో అచ్చరం తేలినాది. ఎవులి ఇల్లు కూలినాదో నాకు తోచనే నేదు. సీకటిగదిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇన్నాళ్ళకి ఎలుగెలగ పట్టాలో తెలిసినాది కూర్మయ్యా, అనుకున్నాను.

ఇప్పుడు నిన్ను ఎదురుగా పెట్టుకునీ అదే అనుకుంటన్నాను. బాగా వొచ్చినాది, సెల్లీ. నా సేత్తో ఇంత బాగా ఏ బొమ్మా రానేదు.