లెక్కల మాస్టారి పట్టా జోస్యం

కాలేజీ వెనక గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్లో లెక్కల మాస్టారు నోరు విప్పితే టీ చల్లారాల్సిందే గానీ మాట ఆగదు. ఆ సాయంత్రం మెకానిక్ చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ బెంచీ చివర కూర్చునేసరికే కథ మొదలైపోయింది.

"మొదట్లో నేనూ అందరిలాగే హాజరూ, మార్కులూ చూసి ఎవడు డిగ్రీ పూర్తిచేస్తాడో, ఎవడు మధ్యలో మానేస్తాడో చెప్పేవాణ్ణి. అదేం గొప్ప కాదు లెండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మార్కులతో పనే లేకుండా పోయింది! కుర్రాడు చెప్పులు ఈడ్చుకుంటూ క్లాసుకొచ్చాడా, రెండో ఏడు దాటడు. పెన్ను మూత కొరికాడా, ఫస్టు క్లాసే!"

"పెన్నే తెచ్చుకోకపోతేనో?" అన్నాడు బట్టల కొట్టాయన.

"పక్కవాణ్ణి పెన్నడిగే గొంతు చాలు నాకు! ఓసారి కళ్లకు గంతలు కట్టుకుని మెట్లమీద నిలబడ్డాను. కాలేజీ మొత్తం నా ముందు నుంచి నడిచింది. అడుగుల చప్పుడు విని చెప్పేశాను: నువ్వు పాసు, నువ్వు ఇంటికి, నువ్వు పెళ్లి చేసుకుని మళ్లీ వస్తావు! అక్షరాలా అలాగే జరిగింది. ప్రిన్సిపాల్ నా చేతులు పట్టుకుని, ఇక పరీక్షలెందుకు మాస్టారూ దండగ, చేరిన రోజే పట్టాలిచ్చేద్దాం అన్నాడు. పేపర్లు దిద్దేవాళ్ల పొట్ట కొట్టడం ఎందుకని నేనే వద్దన్నాను!"

"ఎంత జాలిగుండె!"

"ఇదెంత! మొన్న కడుపుతో ఉన్నావిడ ఎదురైంది. లోపల బిడ్డ తన్నిన తన్ను చూసి, అమ్మా, వీడికి ఆఖరి ఏడు ఒక పేపరు మిగిలిపోతుంది, ఇప్పట్నించే ట్యూషన్ పెట్టించు అన్నాను. పెట్టించింది!"

అందరూ గొల్లుమన్నారు. టీ కొట్టావిడ మాత్రం నవ్వలేదు. కెటిల్ దించి దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, మా అమ్మాయికి ఈసారి రెండు సబ్జెక్టులు పోయాయి. మానేస్తానంటోంది. నిజం చెప్పండి, పూర్తిచేస్తుందా?"

మాస్టారు ఓ గుక్క తాగి, "మాన్పించెయ్యమ్మా. ఆ పిల్ల నడక చూసినప్పుడే తెలిసింది. నా లెక్క తప్పదు. మావాడి సంగతి ఉయ్యాల్లోనే చెప్పాను. ఇవాళ ఆఖరి ఏడు, క్లాసు ఒక్కటీ ఎగ్గొట్టడు" అన్నాడు.

మెకానిక్ తాగుతున్న గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. ఎవరికీ చెప్పనని మాస్టారి కొడుక్కి మాటిచ్చాడు. కానీ టీ కొట్టావిడ సరేనన్నట్టు తలూపి, కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఇక ఊరుకోలేకపోయాడు.

"అక్కా, ఆగు. మాస్టారూ, మీవాడు ఎండాకాలంలోనే కాలేజీ మానేశాడు. మా షెడ్డులో ఇంజన్లు విప్పుతున్నాడు. ఇంట్లో చెప్పొద్దని బతిమాలితే ఇన్నాళ్లూ నోరు మెదపలేదు."

"శకునం చెప్పే బల్లి..." అని మొదలెట్టిన బట్టల కొట్టాయన, మాస్టారి మొహం చూసి ఆపేశాడు.

"నాకు ముందే..." అన్నాడు మాస్టారు. చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు.

"మా పిల్ల మళ్లీ రాస్తుందిలే," అని తనలో తను అనుకుని టీ కొట్టావిడ కెటిల్ పొయ్యిమీదికెక్కించింది.

మాస్టారు మెకానిక్ పక్కకి జరిగి, మిగతావాళ్లకి వినబడనంత మెల్లగా అడిగాడు. "పనిలోనైనా నిలబడతాడంటావా?"

"అది నాకేం తెలుసు మాస్టారూ? వెళ్లి వాణ్ణే అడగండి. షెడ్డు ఇంకా మూయలేదు."